ఎడమచేతి దీపాలు

సింగన్నవలస జనం పగలంతా సన్నరోడ్డు మీదే ఉంటారు. చోళ్ళు ఎండబోస్తారు, ఉలవలు చెరుగుతారు, గోగునార ఆరేస్తారు. పొద్దు వాలిందా— చాపలు చుట్టబెట్టుకుని ఇళ్ళదారి పడతారు. సిమెంటు మీద పిడికెడు గింజలు మిగిలిపోయినా ఎవరూ వెనక్కి తిరగరు.

"సీకటడ్డాక మిగిలింది తెల్లోడిదే," అంటారు.

బొబ్బిలికి అవతల, కొండల వైపు, యుద్ధం రోజుల్లో వేసిన విమానాల మైదానం అది. అందులో రెండు సిమెంటు రోడ్లు, తూర్పు నుంచి పడమటికి, పక్కపక్కనే పడుకున్న అన్నదమ్ముల్లా ఉంటాయి. దక్షిణం పక్కది పెద్దరోడ్డు— విమానం పరిగెత్తి పైకి లేచేది దాని మీద. ఉత్తరం పక్కది సన్నరోడ్డు— విమానం మెల్లగా నడుచుకుంటూ పెద్దరోడ్డు మొదటికి చేరుకునేది దీని మీద. పెద్దరోడ్డు పడమటి కొసన చదునైన బీడు. సన్నరోడ్డు పడమటి కొసన గొయ్యి. రోడ్లకోసం కంకర తవ్వి తవ్వి వదిలేసిన గొయ్యి... తాటిచెట్టు లోతు.

యుద్ధంలో ఒకనాటి రాత్రి, వానలో, ఓ విమానం సన్నరోడ్డునే పెద్దరోడ్డు అనుకుంది.

అంతే. మంటని చూసినవాళ్ళున్నారు. అందులోంచి బయటికొచ్చిన మనిషిని చూసినవాళ్ళు లేరు.

తరవాత యుద్ధం అయిపోయింది, సోల్జర్లు వెళ్ళిపోయారు, షెడ్ల రేకులు వేలంలో పోయాయి. మిగిలినవి రెండు రోడ్లు, ఓ చౌకీదారు ఉద్యోగం— ఆ తెల్లోడూ.

వాడు ఏమీ చెయ్యడు. భయమంతా అక్కడే ఉంది. పీక పట్టుకోడు, మీదపడి రక్కడు. చీకట్లో గోతివైపు నుంచి నడుచుకుంటూ వస్తాడు. తోలుకోటు, చెవులు మూసే టోపీ. పక్కకొచ్చి నిలబడి గొంతు తగ్గించి ఒక్కటే అడుగుతాడు—

"దారెటు?"

బొబ్బిలి సంతకి వచ్చే సోల్జర్లకి మన మాటల్లో పట్టుబడినవి ఆ మూడే అక్షరాలట.

అడిగితే నోరు విప్పకూడదు. ఎడమచెయ్యి ఎత్తి గోతివైపు చూపించాలి. వచ్చిన దారినే పోతాడు. పొరపాటున నిజం దారి చెప్పారా, చెప్పినవాణ్ణి తోడు తీసుకుపోతాడు. గొర్రెల కూర్మయ్య నోరుజారి "ఇటు బాబూ" అన్నాడనీ, తెల్లారి గోతిలో తేలాడనీ చెప్పుకుంటారు. తాగి పడ్డాడన్నవాళ్ళూ ఉన్నారు. కానీ వాళ్ళు కూడా పొద్దు వాలాక అటు వెళ్ళరు.

చౌకీదారు అప్పలసూరి పెళ్ళాం చిన్నతల్లి ఇదంతా కాపురానికి వచ్చిన మొదటి రాత్రే విన్నది. అత్త అసిరమ్మ తాళింపు పెడుతూ చెప్పింది, పప్పులో ఉప్పెంతో చెప్పినట్టు.

* * *

అరవైల చివర్లో ఓ కార్తీకమాసం. గాలివాన మూడు తాలూకాల్ని ఊడ్చేసింది. రైలు కట్ట కోసుకుపోయింది, వంతెనలు కూలిపోయాయి. విశాఖపట్నం నుంచి బియ్యం మూటలు, దుప్పట్లు వేసుకుని ఓ పాత డకోటా విమానం ఆ మైదానంలో దిగింది. ఊరంతా వెళ్ళి చూసొచ్చింది— ఒక్క చిన్నతల్లి తప్ప.

ఆమె ఒళ్ళో చినబాబు ఉన్నాడు. ఒక్కగానొక్క కొడుకు, అయిదో ఏడు నడుస్తోంది. గొంతులో తెల్లటి పొర కట్టి ఊపిరి అందడం లేదు. పీల్చినప్పుడల్లా తడిచెక్క మీద రంపం ఆడిన చప్పుడు. "పట్నం పెద్దాసుపత్రిలో సూదిమందుంది. ఈ రాత్రికి వేయించగలిగితే బతుకుతాడు," అన్నాడు బొబ్బిలి డాక్టరు. ఎలా వేయించాలో మాత్రం చెప్పలేదు. రోడ్డు లేదు, రైలు లేదు.

అప్పలసూరి వెళ్ళి విమానం కెప్టెన్ కాళ్ళమీద పడ్డాడు.

కెప్టెన్ పేరు భీమశంకరరావు. మీసాలు నెరిసిన మనిషి. మూటలు దించేసరికే మునిమాపు అయిపోయింది, పొద్దున్నే లేద్దామని బూట్లు విప్పేశాడు అప్పటికే. "రాత్రిపూట దీపాలు లేని చోట నేను లేవనయ్యా," అన్నాడు. అన్నవాడు వచ్చి పిల్లాడి మీదికి వంగి ఆ రంపం చప్పుడు విన్నాడు. తిరిగి బూట్లు తొడుక్కున్నాడు.

"దీపాలు పెట్టించు. పిల్లాడితో ఒక్కరు రండి."

"నానెల్తాను మావా," అంది చిన్నతల్లి. "నా గుంటడు నా ఒళ్ళోనే ఉండాల."

"ఆ పట్నంలో ఆస్పత్రి ఎటున్నాదో నీకు తెలుస్తాదేటి? నాను రేవులో మూటలు మోసినోణ్ణి, నాకెరికే. పైగా నానెల్లినా దీపాలు నువ్వెట్టగలవు. ఒత్తులెయ్యడం, నూనె పొయ్యడం నా ఎనకాల తిరిగి నేర్సినావు. నువ్వెల్తే నాను ఈడ, గుంటడు ఆ పట్నంలో నీతోటి దారి తెలవక తిరగడం."

"ఓలమ్మో! ఆడకూతురు... సీకట్లో... ఆడికా!" అసిరమ్మ గుండెలు బాదుకుంది.

"నువ్వూరుకోయే అమ్మా! గుంటడి గొంతు మూసుకుపోతంటే తెల్లోడేటి, నల్లోడేటి!"

చిన్నతల్లి పిల్లాణ్ణి మొగుడి భుజానికి అందించి, దుప్పటి చుట్టి, ఒత్తుల బుట్ట తీసుకుంది.

దీపాలంటే మైదానంలో వాడే ఇనప బుడ్లు. మొక్కలకి నీళ్ళుపోసే డబ్బాలాగా ముక్కుంటుంది, ఆ ముక్కులోంచి లావుపాటి ఒత్తి. బుడ్లున్నాయి గానీ కిరసనూనె లేదు— గాలివానకి కొట్లు మునిగిపోయాయి. ఇల్లిల్లూ అడిగారు. ఒకరు గరిటెడు, ఒకరు సీసా అడుగున ఉన్నదంతా పోశారు. ఆ రాత్రి సింగన్నవలస మొత్తం చీకట్లోనే కూచుంది.

అయినా రెండు వరసలకి చాలలేదు.

"ఒక్క వరస చాలు," అన్నాడు కెప్టెన్. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా పరిగెత్తాలి. అప్పుడు తూర్పుగాలి వీస్తోంది. "సన్నరోడ్డు మీద నడిపించుకుంటూ పడమటి కొసకి వస్తాను. అక్కడ పెద్దరోడ్డు మీదికి తిరిగి, తూర్పుకి లేస్తాను. దీపాలు పెద్దరోడ్డుకి ఉత్తరపు అంచున పెట్టించు. నాకు ఎడమచేతికి వస్తాయి. ఎడమచేతికి దీపాలు... అదే నా గుర్తు."

అంటే రెండు రోడ్లకీ నడుమ, ఒక్క వరస.

"నెగ్గుకొస్తావా?" అప్పలసూరి అడిగాడు, విమానం మెట్టు మీంచి.

"నువ్వు గుంటణ్ణి సూడు," అంది.

* * *

తూర్పు కొస నుంచి మొదలెట్టింది. బుడ్డి దించడం, ఒత్తి లాగడం, గోగుపుల్లల దివిటీతో అంటించడం, ముందుకి నడవడం. వానలు వెలిసి రెండు రోజులైనా రోడ్ల మీద నీళ్ళు నిలిచే ఉన్నాయి. దీపాలకి ఇటూ అటూ రెండు రోడ్లూ ఒక్కలాగే మెరుస్తున్నాయి... ఏది పెద్దదో ఏది సన్నదో పుట్టినప్పట్నుంచీ తిరిగినవాళ్ళకే తెలియాలి.

వెనక్కి చూడలేదు. చూస్తే విమానం కనిపిస్తుంది, విమానంలో ఉన్నవాడు గుర్తొస్తాడు, కాళ్ళు ఆగిపోతాయి.

పడమటి కొస దగ్గరపడింది. గోతిలో కప్పలు హోరెత్తుతున్నాయి. ఆఖరి బుడ్డి అంటించి నడుం ఎత్తింది. మంట ఇందాకటిదాకా పడమటికి వాలేది... ఇప్పుడు తూర్పుకి వాలుతోంది. గాలి మళ్ళింది. అంతవరకే తట్టింది ఆమెకి. గాలి మళ్ళితే ఏమవుతుందో తట్టలేదు.

అప్పుడు కప్పలు ఆగిపోయాయి.

ఒకటి తరవాత ఒకటి కాదు. అన్నీ ఒక్కసారే.

తడి బూట్ల చప్పుడు. గోతివైపు నుంచి.

ఆమె తల ఎత్తలేదు. చూపు దీపం మీదే పాతేసింది. చప్పుడు దగ్గరకొచ్చింది... ఇంకా దగ్గరకి... ఆగింది. తోలు వాసన. నీళ్ళు కారుతున్న చప్పుడు— టప్... టప్...

"దారెటు?"

గొంతులో బెదిరింపు లేదు. అలసట ఉంది. సంతలో తప్పిపోయినవాడు అడిగినట్టుంది.

చిన్నతల్లి పళ్ళు బిగించింది. ఎడమచెయ్యి తనది కానట్టు లేచింది. సన్నరోడ్డుని... దాని కొసన గోతిని... చూపించింది.

మనిషి తలూపినట్టున్నాడు. బూట్లు తూర్పువైపుకి వెళ్ళిపోయాయి, విమానం ఉన్నవైపుకి.

ఆమె ఊపిరి వదిలింది. వదులుతూ కాళ్ళకేసి చూసుకుంది. ఇందాక అక్కడ, తన పాదాల మీద, దీపం వెలుగుకి ఏదో నల్లగా పడి ఉంది. ఇప్పుడు లేదు.

నీడ.

వచ్చినవాడికి నీడ ఉంది!

దెయ్యానికి నీడెక్కడిది? తోలుకోటు... టోపీ... కెప్టెన్ బాబుకీ అవే కదా. ఒక్క వరసే కదా దీపాలు, రెండు రోడ్లూ ఒక్కలాగే మెరుస్తున్నాయి కదా— ఏది పెద్దరోడ్డో తేల్చుకోడానికి పాపం అంతదూరం నడిచొచ్చి అడిగాడు. తను గొయ్యి చూపించింది.

"ఓలమ్మో... నా గుంటణ్ణి నానే..."

తూర్పున ఇంజన్లు ఘీంకరించాయి.

ఉరికింది. సన్నరోడ్డు మీదే, విమానానికి ఎదురుగా. చీర కుచ్చెళ్ళు కాళ్ళకి చుట్టుకుంటే పైకి దోపుకుంది. దూరంగా రెక్కల కొసల దీపాలు కదిలాయి— ఎరుపొకటి, పచ్చదొకటి. సన్నరోడ్డుకి అటూ ఇటూ. నడవడం లేదు అది. పరిగెడుతోంది.

అరిచింది. తన అరుపు తనకే వినపడలేదు. పక్కనున్న బుడ్డి లాక్కుని, మూత పీకి, రోడ్డుకి అడ్డంగా నూనె దిమ్మరించింది. ఇంకోటి. ఇంకోటి. చేతులు కాలాయి, తెలియలేదు. నీళ్ళమీద తేలిన నూనెకి మంట అంటుకుని రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకి నిప్పుల గోడ లేచింది. ఆ గోడ ముందు చేతులు చాపుకుని నిలబడింది.

ఇంజన్ల హోరు... చెవులు చిల్లులు పడే కీచు... విమానం తోక ఊగింది, పక్కకి జారింది, నీళ్ళు చిమ్మింది. ముక్కు ఆమె నెత్తిమీదికి వచ్చి ఆగింది.

* * *

కెప్టెన్ కిందికి దూకి తిట్లు లంకించుకున్నాడు. "పిచ్చిదానా! చావడానికి నీకీ రోడ్డే దొరికిందా?"

"తప్పయిపోనాది బాబూ... నిన్ను తెల్లోడివనుకున్నాను... గోతివైపు సూపినాను... నా గుంటడున్నాడు బాబూ లోపల..."

"ఏ గొయ్యి?"

ఆమె చెయ్యి చాపింది. అతను బ్యాటరీలైటు పట్టుకుని మంటలు దాటి నడిచాడు. బూటుకి అంటిన చోళ్ళ గింజలు చూశాడు. రోడ్డు వెడల్పు ఎంతో కాళ్ళతో కొలిచాడు. ఇంకాస్త ముందుకెళ్ళి, ఉన్నట్టుండి ఆగిపోయాడు. లైటు వెలుగు కిందికి... కిందికి... పోయి నల్లటి నీళ్ళమీద పడింది.

తిరిగొచ్చేటప్పుడు ఆయన నడక ముసలివాడి నడకలా ఉంది.

"గాలి మళ్ళింది," అన్నాడు, ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. "పడమటి గాలి. పడమటికే లేవాలి కదా, తూర్పు కొస నుంచే బయల్దేరాం. దీపాలు మాత్రం... అలవాటుగా ఎడమచేతికే పెట్టుకున్నాను."

ముఖం తూర్పుకి ఉంటే దీపాలు ఎడమచేతికి వచ్చేది పెద్దరోడ్డు. ముఖం పడమటికి తిప్పితే అవే దీపాలు ఎడమచేతికి వచ్చేది సన్నరోడ్డు. గాలి ఒక్కటి తిరిగింది, దారి గోతిలోకి తిరిగింది. చిన్న పిల్లలు కూడా వేళ్ళమీద చూపించగల సంగతి... ఆ చీకట్లో ఆ కంగారులో విమానం నడిపే ఇద్దరికీ తట్టలేదు.

కెప్టెన్ ఆమె కాలిన చేతులు చూశాడు. అప్పుడు కళ్ళు చిట్లించాడు.

"అవునుగానీ అమ్మా... నేను ముందు సన్నరోడ్డు మీద విమానాన్ని మెల్లగా నడిపించుకుంటూ వస్తానని నీకు తెలుసు కదా. ఇటు వస్తుంటే అలా వస్తున్నాననే అనుకోవాలి. ఎందుకు పరిగెత్తుకొచ్చావు?"

"నువ్వొచ్చి అడిగినావు కదా బాబూ. దారెటు అని."

"నేనా?"

"నానే ఇటు సూపినాను..."

"నేను సీట్లోంచి లేవలేదమ్మా. ఎవరం దిగలేదు."

ఆమె విమానం తలుపు వైపు చూసింది. అక్కడ పిల్లాణ్ణి పొదువుకుని అప్పలసూరి నిలబడి ఉన్నాడు. "నిజమేనే," అన్నాడు. "తలుపు నా ఎదరే ఉన్నాది. ఎవులూ దిగలేదు."

మంటలు నీళ్ళమీద చిన్నబోతున్నాయి.

"ఎలా ఉన్నాడు వచ్చినవాడు?" గొంతు తగ్గించి అడిగాడు కెప్టెన్.

"నీలాగే. కోటు, టోపీ. ఒళ్ళంతా తడిసి... నీళ్ళు కారతన్నాయి."

"వానేదీ?" అన్నాడు రెండో పైలట్టు, ఆకాశం కేసి చూస్తూ.

లోపల్నుంచి రంపం చప్పుడు వినిపించింది. అది ఇంకా సన్నబడింది. కెప్టెన్ గబుక్కున మెట్టెక్కాడు. చిన్నతల్లి తలుపులోంచి చెయ్యి చాపి కొడుకు పాదం ఒక్కసారి పట్టుకుంది. వేడిగా ఉంది. వదిలేసింది.

విమానం వెనక్కి తిరిగి, మెల్లగా తూర్పు కొసకి నడిచి, పెద్దరోడ్డు మీదికి మళ్ళింది. ఈసారి దీపాలు కుడిచేతికి. పరిగెత్తింది... లేచింది... కొండ మీదుగా ఎర్రదీపం కాసేపు కనిపించి మాయమైంది.

* * *

దీపాలార్పి ఇంటికి పోవాలి. ఊరి నూనె అది, మిగిలిందైనా వెనక్కి ఇవ్వాలి. పడమటి కొసన ఉన్న బుడ్డి దగ్గర వంగింది.

కప్పలు ఆగిపోయాయి.

ఈసారి కళ్ళెత్తి చూసింది. కుర్రాడు. మీసమైనా సరిగ్గా రాలేదు. జుట్టులోంచి నీళ్ళు కారి కళ్ళల్లో పడుతున్నా తుడుచుకోడం లేదు.

"దారెటు?"

నోరు విప్పకూడదు. ఎడమచెయ్యి ఎత్తాలి. కూర్మయ్య గోతిలో తేలాడు.

కానీ వీడు రాకపోతే? వచ్చి అడక్కపోతే? తను ఆఖరి దీపం పక్కన నిశ్చింతగా కూచుని, విమానం నడుచుకుంటూ వస్తోందనుకుని చూస్తూ ఉండేది. తన కళ్ళముందే...

ఏ తల్లి కన్నదో. అడిగిన ప్రతిసారీ ఊరు ఊరంతా గొయ్యే చూపించింది వీడికి.

చిన్నతల్లి కుడిచెయ్యి ఎత్తింది.

"ఇటు బాబూ," అంది. "గాలి పడమటిది. దీపాలు నీ కుడిసేతికి రావాల. అటు గొయ్యున్నాది నాయినా... ఇటే పో."

కుర్రాడు ఆమె చెయ్యి చూశాడు. పెద్దరోడ్డుని చూశాడు. తూర్పుకి నడిచి చీకట్లో కలిసిపోయాడు.

ఆమె కదల్లేదు. తోడు తీసుకుపోతాడేమోనని కళ్ళు మూసుకుని నిలబడింది. చప్పుడేమీ కాలేదు. ముఖానికి గాలి కొట్టినట్టై కళ్ళు తెరిస్తే, దీపాలు... తూర్పు కొస నుంచి ఒకటి తరవాత ఒకటి... నేలకి వాలి, లేచి, మళ్ళీ నిలబడుతున్నాయి. ఏదో పెద్దది పక్కనుంచి దూసుకుపోయినట్టు. ఆఖరి దీపం వాలి లేచింది. ఆ తరవాత బీడు మీద గడ్డి కూడా కదల్లేదు.

ఎలా ఇల్లు చేరిందో తెలీదు. అసిరమ్మకి కూడా చెప్పలేదు. చెబితే అక్కడికక్కడే శాంతి చేయించేది.

వారం తిరక్కుండా డకోటా మళ్ళీ మూటలతో వచ్చింది. భీమశంకరరావు దిగుతూనే అరిచాడు— "గంజి తాగుతున్నాడమ్మా నీ కొడుకు! నర్సుల్ని తిడుతున్నాడు!" చిన్నతల్లి కట్లు కట్టిన చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చేసింది. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. గాలివానకి ఇల్లు కూలి, అన్ని రోజులూ బొబ్బిలి స్టేషను అరుగు మీద తలదాచుకున్న జగ్గమ్మ అప్పుడే ఊళ్ళోకొచ్చింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి చిన్నతల్లి గడ్డం పట్టుకుంది.

"పోన్లేవే, సల్లగా బతికినాడు. ఆ రేతిరి మేమంతా స్టేషను కాడ నిలబడి సూసినాం. ఒసే, ఇంతకీ మీ గుంటడు దేంట్లో ఎల్లేడే... ముందెల్లిన ఇమానంలోనా, దానెనకే ఎల్లిందాంట్లోనా?"